ఉత్త పొట్లం

కొన్నాళ్లుగా నాకూ మా నాయినకూ మాటల్లేవు. అంటే మరీ పూర్తిగా లేవని కాదు, పోట్లాటకు కావలసినన్ని ఉన్నాయి. కారణం ఆయన ఎదలో మంట. మంట ఆయనది, కోపం నాది.

డెబ్బై దాటిన మనిషి. మా ఇల్లు షాపు వెనకే. ఇంట్లోంచి షాపులోకి రావడానికి ఉన్నవి నాలుగు మెట్లు. ఆ నాలుగు మెట్లకే మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, రొమ్ము రుద్దుకుంటున్నాడు. ఏమైందంటే "గ్యాస్ బిడ్డా" అంటాడు. ఒకరోజు వంకాయ మీద పెడతాడు, ఇంకోరోజు శనగపప్పు మీద పెడతాడు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట, అలా ఉంటాయి ఆయన జవాబులు.

నాకు తెలియదా? నేనూ ఫార్మసీ చదివినదాన్నే. మేడ్చల్ బస్ డిపో నుంచి రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో "ఎడ్వర్డ్ మెడికల్స్" అని బోర్డు కనిపిస్తుంది. ఆ ఎడ్వర్డ్ మా నాయిన, ఇప్పుడు కౌంటర్ దగ్గర కూర్చునేది ఆయన కూతురు కెజియా, అంటే నేను. గుండె డాక్టర్ దగ్గరికి పోదాం పదమని బతిమాలాను, తిట్టాను, చర్చిలో పాస్టరమ్మతో చెప్పించాను. రానంటే రానన్నాడు. చివరికి విసుగొచ్చి, "చీటీ లేకుండా నా షాపులో నీక్కూడా ఒక్క గోళీ దొరకదు" అని తేల్చి చెప్పాను. ఏం చేశాడో తెలుసా? చాయ్ కొట్టు కుర్రాణ్ని పంపి ఎదురు షాపులోంచి గ్యాస్ గోళీలు తెప్పించుకున్నాడు. ఊరందరికీ మందులిచ్చిన మనిషి ఇంకొకరి షాపులోంచి దొంగచాటుగా గోళీలు తెప్పించుకోవడమేమిటి! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ గొడవలోనే ఒక మధ్యాహ్నం టీవీలో చర్చ వచ్చింది. చిన్న చిన్న జబ్బులకు మందుల షాపువాళ్లే మందులు రాయవచ్చా, రాయకూడదా అని నలుగురు కూర్చుని అరుచుకుంటున్నారు. నాయిన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"రాయనియ్యాలె. కొన్ని దేశాలల్ల రాస్తున్నరంట గద" అన్నాడు.

"అక్కడ రాసేటోళ్లకు దానికోసం వేరే చదువు చెప్తరు నాయినా. ఇక్కడ సగం షాపులల్ల సర్టిఫికెట్ గోడకు ఉంటది, మనిషి ఉండడు. నాడి జూడకుంట, రక్తం పరీక్ష లేకుంట, చెప్పింది విని మందిచ్చుడేంది?"

"మరి నేను గిన్నేండ్లు ఇచ్చిన గద!"

"ఇచ్చినవ్. తప్పు జేసినవ్."

నాయిన నొచ్చుకోలేదు. కళ్లజోడు తీసి లుంగీతో తుడుచుకుంటూ అన్నాడు. "మందు రాసుడు ఏమంత పెద్ద పని కాదు బిడ్డా. ఇయ్యకుంట తోలిచ్చుడే పెద్ద పని."

"మరి నిన్ను నువ్వెప్పుడు తోలిచ్చుకుంటవ్?" అన్నాను.

ఆయన రిమోట్ తీసుకుని టీవీ శబ్దం పెంచాడు.

కానీ ఆ మాట నన్ను వెనక్కి లాక్కుపోయింది. ఇయ్యకుండా తోలించడంలో, అంటే మందు ఇవ్వకుండా దవాఖానకు పంపించడంలో, మా నాయినకు ఒక పద్ధతి ఉండేది. అది ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు.

అప్పట్లో మా షాపుకు అద్దాల తలుపులు లేవు. చెక్క బల్ల, దాని మీద గాజు సీసాలు, లోపలికి అడుగు పెడితే టింక్చర్ వాసన, నీలగిరి తైలం వాసన. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు కడుపు నిండిపోతుంది. శామీర్‌పేట నుంచి, కుత్బుల్లాపూర్ నుంచి, గాజులరామారం నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. డాక్టర్ కోసం సర్కారు దవాఖానలో కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్టే. నాయిన దగ్గరైతే బస్సు దిగి మళ్లీ బస్సెక్కేలోపు పనైపోతుంది. జరమో, దగ్గో, కాళ్ల నొప్పులో చెప్పుకుని చెయ్యి చాపితే నాయిన మూడు పూటలకు గోళీలు కట్టి ఇచ్చేవాడు. అది రూలు కాదని ఆయనకూ తెలుసు. "డాక్టర్ సాబ్" అని ఎవరన్నా అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. "నేను డాక్టర్ను కాను, మందులమ్ముకునేటోన్ని" అని బల్ల గుద్ది చెప్పేవాడు.

పొట్లాలకు కాగితం చర్చి క్యాలెండర్‌ది. పోయిన ఏడాది క్యాలెండర్లను చర్చివాళ్లందరి ఇళ్లలోంచీ అమ్మ అడిగి తెచ్చేది. మా అమ్మ ఎలీషమ్మ. ఆదివారం ఆరాధన అయ్యాక అన్నం తిని, చాప పరుచుకుని, ఆ కాగితాలను చదరాలుగా కత్తిరించేది. చదువు రానివాళ్ల కోసం కొన్నిటి మీద సూర్యుణ్ని, కొన్నిటి మీద చంద్రుణ్ని గీసేది. సూర్యుడుంటే పొద్దున, చంద్రుడుంటే రాత్రి. అమ్మ గీసిన సూర్యుడికి ఎప్పుడూ మీసాలుండేవి. ఎందుకే అంటే, "మీ నాయిన లెక్క ఉండాలె గద" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

కొందరికి మాత్రం నాయిన వేరే పొట్లం ఇచ్చేవాడు. దాని మీద సూర్యుడూ ఉండడు, చంద్రుడూ ఉండడు. లోపల గోళీ కూడా ఉండదు. ఉత్త పొట్లం. మనిషి చెప్పేది వింటూ వింటూ, కళ్లు చూసి, గోళ్లు చూసి, ఇది నా షాపులో తెగే జబ్బు కాదనుకుంటే ఆ ఉత్త కాగితాన్నే నాలుగు మడతలు పెట్టి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసేవాడు. "ఇది పట్టుకొని దవాఖానకు పో. దారిల యాడ ఆగకు."

మాటతో చెబితే సరిపోదా అని నేనొకసారి అడిగాను. "మాట చెవుల ఉంటది బిడ్డా, గుమ్మం దాటంగనే జారిపోతది. చేతుల పొట్లం ఉన్నోడు ఇంటికి పోయి పండుకోలేడు" అన్నాడు. నిజమే. మందుల షాపుకు వచ్చి ఉత్త చేతులతో పోవడం మా జనానికి చేతకాదు. పొట్లం ఉంటే వైద్యం మొదలైనట్టే లెక్క. సర్కారు దవాఖానలో కూడా ఆ పొట్లాన్ని గుర్తుపట్టేవాళ్లు. "ఎడ్వర్డ్ పొట్లమా? లోపలికి రా" అని ముందు పిలిచేవాళ్లట.

అందరూ మంచిగా తీసుకునేవాళ్లు కాదు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే గండయ్య అయితే షాపు ముందు పెద్ద రభసే చేశాడు. అప్పుడు నేను బడికి పోయే పిల్లను, కళ్లారా చూశాను. భార్య ఈదమ్మతో చేపల గంప మోసుకుని వచ్చాడు. రాత్రి చేపల పులుసులో కారం ఎక్కువైందని, ఎదలో మంటగా ఉందని, గ్యాస్ గోళీ ఇమ్మని అడిగాడు. నాయిన అతని మెడ మీది చెమట చూశాడు. ఉత్త పొట్లం చేతిలో పెట్టాడు.

గండయ్య విప్పి చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. "కిరాయి వెట్టుకొని గింత దూరం వస్తే ఉత్త కాయితం ఇస్తవా? నేనేమన్న పిచ్చోని లెక్క కనవడ్తున్ననా?" అని దాన్ని రోడ్డు మీద విసిరికొట్టాడు. ఈదమ్మ బండ్ల మధ్యలోంచి పోయి ఆ కాగితం ఏరుకుని, నడుముకు చెక్కుకుని, మొగుడి రెక్క పట్టుకుని సర్కారు దవాఖాన వైపు ఈడ్చుకుపోయింది. అక్కణ్నుంచి పెద్దాసుపత్రికి పంపారట. గుండె.

గండయ్య బతికాడు. ఆ తరవాత ఎన్నో ఏళ్లు వల వేశాడు. షాపుకు వచ్చినప్పుడల్లా, "ఏంది సారూ, ఇయ్యాల గుడ ఉత్త కాయితమేనా?" అని ఎకసెక్కాలాడేవాడు. ఈ మధ్యనే పోయాడు, నిండు ముసలితనంలో, నిద్రలో. ఈదమ్మ ఇప్పటికీ శనివారం సంతకు చేపలు తెస్తుంది, ముందు మా షాపు దగ్గర గంప దించి కాసేపు కూర్చుంటుంది.

అంత మంచి పొట్లం ఎందుకు ఆగిపోయిందని అడుగుతారేమో. అమ్మతోనే ఆగిపోయింది.

అమ్మకు కడుపులో నొప్పి వచ్చింది. ఆమె చెప్పిన రోజే నాయిన ఉత్త పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. అమ్మ నవ్వింది. "నాకా? ఇంట్ల దానికి గుడ పొట్లమేనా?" అని దాన్ని బైబిల్లో పెట్టుకుని, ఆ బైబిల్ చంకన పెట్టుకుని బయల్దేరింది. కానీ జబ్బు అప్పటికే లోపల ముదిరిపోయి ఉంది. అందులో ఎవరి తప్పూ లేదు. అమ్మ ఆ ఆసుపత్రిలోంచి ఇంటికి రాలేదు. బైబిల్ వచ్చింది.

ఆ తరవాత నాయిన మళ్లీ పొట్లం కట్టలేదు. నాకు చదువు అయిపోగానే కౌంటర్ వదిలేసి, పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను అద్దాల తలుపులు పెట్టించాను, కంప్యూటర్ బిల్లు పెట్టాను, "డాక్టర్ చీటీ లేనిదే మందులు ఇవ్వబడవు" అని ఎర్ర అక్షరాలతో రాయించాను. వెనక జనం నన్ను "పులి" అంటారని నాకు తెలుసు. అననీ. చర్చి క్యాలెండర్ మాత్రం ఇప్పటికీ గోడకు తగిలిస్తాను, అమ్మ తగిలించిన మేకుకే.

టీవీ చర్చ మర్నాడు శనివారం. పొద్దున్నే ఈదమ్మ వచ్చింది. గంప బయట దించి, మెట్టు మీద కూర్చుని, కొంగుతో విసురుకుంటోంది. నాయిన వెనక తలుపులోంచి వచ్చాడు. వచ్చినవాడు కుర్చీలో కూర్చోలేదు, కూలబడ్డాడు. ఫ్యాన్ గిరగిరా తిరుగుతున్నా నుదుటి మీద చెమట పట్టింది. జేబులోంచి ఎదురు షాపు గోళీ తీసి నోట్లో వేసుకుని నమలసాగాడు. నా నోట్లోంచి తిట్టే వచ్చింది. ఏం చేయను, నా భయం ఎప్పుడూ కోపం చీరే కట్టుకుంటుంది.

"మళ్ల మొదలువెట్టినవా? ఇగ లే నాయినా, దవాఖానకు పోదాం. షాపు బంద్ వెడ్త!"

"లొల్లి జెయ్యకు కెజియా. జరసేపట్ల తగ్గుతది."

ఈదమ్మ మెట్టు మీదినుంచే చూస్తోంది. "ఏంది సారూ, ఏం నములుతున్నవ్?"

"గ్యాస్ ఈదమ్మా. రాత్రి వంకాయ తిన్న."

"ఎవలు జెప్పిన్రు గ్యాస్ అని?"

"ఎవలో జెప్పుడేంది? నాకు తెల్వదా?"

ఈదమ్మ మోకాళ్ల మీద చేతులు ఊని లేచింది. చెప్పులు బయట విడిచి, అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె మెట్టు దాటి లోపలికి రావడం నేను చూడలేదు. చేపల వాసన అంటుతుందని ఎంత పిలిచినా వచ్చేది కాదు. నేరుగా గోడ దగ్గరికి పోయి, క్యాలెండర్‌లో నేను చింపే తీరిక లేక పైకి మడిచి వదిలేసిన పోయిన నెల కాగితాన్ని పట్టుకుని సర్రున చింపింది.

"అవ్వా, ఏం జేస్తున్నవ్?" అన్నాను.

"నువ్వాగు బిడ్డా."

కౌంటర్ మీద పెట్టి మడవడం మొదలుపెట్టింది. ఆమె వేళ్లకు వల అల్లడం వచ్చు, చేప కోయడం వచ్చు, పొట్లం కట్టడం రాదు. ఒక మూల బయటికి వచ్చింది, ఇంకో మూల చినిగింది. అయినా వదల్లేదు. చివరికి అదొక ఆకారానికి వచ్చింది. దాన్ని తీసుకుపోయి నాయిన అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూసింది.

"ఇది పట్టుకొని దవాఖానకు పో సారూ. దారిల యాడ ఆగకు."

నాయిన నమలడం ఆపేశాడు. చేతిలోకి చూసుకుని, "నాకా?" అన్నాడు. అచ్చం అమ్మ అన్నట్టే అన్నాడు. నేను మందుల అర పట్టుకుని నిలబడ్డాను.

"నీకే. మావోడు గుడ గ్యాస్ అనే అన్నడు. నువ్వు వంకాయ అంటున్నవ్, వాడు శాపల పులుసు అన్నడు. గంతే ఫరక్. శకునం జెప్పే బల్లి కుడితిల వడ్డట్టుంది నీ కత."

నాయిన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "సాయంత్రం పోతలే ఈదమ్మా" అంటూ పొట్లాన్ని పక్కనున్న బల్ల మీద పెట్టబోయాడు. ఈదమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కింద వెట్టకు. మావోడు పారేస్తే ఏరుకొచ్చేటందుకు నేనుంటిని. నీది ఏరుకొచ్చేటందుకు ఎలీషమ్మ లేకపాయె."

అమ్మ పేరు మా షాపులో పైకి పలికి ఎన్నేళ్లయిందో. నేను పలకలేదు, నాయిన పలకలేదు. ఇద్దరం ఒకరికొకరం భయపడి ఆ పేరు చుట్టూ తిరిగి పోయేవాళ్లం. ఈదమ్మ దాన్ని అలా నడిబజారులో అన్నట్టు అనేసింది. నాయిన పొట్లం ఉన్న పిడికిలిని రొమ్ముకు ఆనించుకున్నాడు.

"కెజియా, ఎల్లయ్యను పిల్వు. ఆటో తెమ్మను" అన్నాడు.

షట్టర్ దించడం కూడా నాకు గుర్తు లేదు, ఈదమ్మే చూసుకుంది. ఎల్లయ్య ఆటో మా సందు మొదట్లోనే ఉంటుంది. హైవే ఎక్కి సిటీ వైపు పోతుంటే నాయిన నా భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. కొంపల్లి దాటాక మెల్లగా మాట్లాడాడు.

"మస్తుమందిని తోలిచ్చిన బిడ్డా. శానామంది మంచిగై వాపసు వచ్చిన్రు. వచ్చినోళ్లను నేను యాది వెట్టుకోలే. రానామెనే యాది వెట్టుకున్న."

"మాట్లాడకు నాయినా. ఆయాసం వస్తది."

"భయమైంది బిడ్డా. గంతే. గ్యాస్ అని నాకేం నమ్మకం లేకుండె."

ఆ మాటకు నేను ఆయన తల నిమిరాను. నా జీవితంలో మా నాయిన తల నిమిరింది అదే మొదటిసారి. జుట్టు పిల్లవాడి జుట్టులా మెత్తగా ఉంది. దేవా, ఈ మనిషిని నాకు ఉంచు అని మనసులో ఒకటే మొర పెట్టుకున్నాను. ఇంకే ప్రార్థనా నోటికి రాలేదు.

ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో ఒక చిన్న డాక్టర్ వచ్చాడు. మా భవితకు ఒక అన్న ఉంటే అంత ఉంటాడు. భవిత నా కూతురు, ఇంటర్ చదువుతోంది. "ఏమైంది పెద్దాయనా?" అని మర్యాదగానే అడిగాడు. నాయిన పిడికిలి విప్పి, చెమటకు తడిసిన ఆ వంకర పొట్లాన్ని అతని చేతిలో పెట్టాడు.

డాక్టర్ జాగ్రత్తగా విప్పాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక వైపు తారీఖులు, వెనక వైపు ఏదో బైబిల్ వాక్యం. "ఇందులో ఏమీ లేదే. ఏం మందు వేసుకున్నారు?" అని నా వైపు చూశాడు.

చెబుదామని నోరు తెరిచాను. ఎవరితోనైనా ఎంతసేపైనా పోట్లాడగల నోరది. అందులోంచి ఏడుపొచ్చింది.

నాయినే చెప్పాడు. "నా దగ్గర దీనికి మందు లేదు డాక్టరుగారూ. అందుకే మీ దగ్గరికి వచ్చిన."

డాక్టర్ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. కాగితాన్ని మళ్లీ మడిచి నాయిన చొక్కా జేబులో పెట్టి, పక్కనున్న నర్సును కేకేశాడు.

గుండెకు పోయే ఒక నాళం దాదాపు మూసుకుపోయిందన్నారు. ఆ రోజే స్టెంటు వేశారు. వార్డులోకి మార్చాక ఈదమ్మ చూడ్డానికి వచ్చింది, స్టీలు డబ్బాలో కొర్రమీను పులుసు పట్టుకుని. నేను ఆ డబ్బా లాక్కుని మంచం కింద దాచాను. నాయిన దొంగచూపులు చూస్తూ, "ఈదమ్మా, పొట్లం కట్టుడు నీతోని కాదు. మూలలు లోపటికి మలవాలె" అన్నాడు. "గట్లనా? మూలలు సక్కగ లేవని డాక్టరు వాపసు తోలిచ్చిండా ఏంది?" అంది ఈదమ్మ. పక్క మంచం వాళ్లు కూడా నవ్వారు.

ఆమె వెళ్లాక నాయిన పైకప్పు చూస్తూ, "అయినా సరే, చిన్న చిన్న వాటికి రాయనియ్యాలె బిడ్డా" అన్నాడు.

"రాయనియ్యొద్దు."

"తలనొప్పికి, దగ్గుకు గుడ డాక్టరేనా?"

"ఏది తలనొప్పో ఏది గ్యాసో నువ్వు బాగ చెప్పినవ్ తియ్యి!"

హమ్మయ్య, మనిషి కోలుకున్నాడని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

ఇంటికి వచ్చాక ఆయన మొదట అడిగింది అమ్మ బైబిల్. అందులో అమ్మ పెట్టుకున్న పొట్లం ఇంకా ఉంది, పసుపు రంగుకు తిరిగింది. జేబులోంచి ఈదమ్మ పొట్లం తీసి దాని పక్కన పెట్టి, బైబిల్ మూసి, కాసేపు దాని మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

నెల మారింది. ఒకటో తారీఖు పొద్దున షాపు తెరిచి, క్యాలెండర్ పాత కాగితం చింపి, ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయబోయాను. వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"గది పారెయ్యకు బిడ్డా" అన్నాడు నాయిన. "ఇటియ్యి. కత్తెర గుడ ఇయ్యి."